నవంబరు ప్రకటన: వ్రాసినవారు, వారసులు

అల్జీరియా విప్లవం అనగానే మన విద్యార్థులకు వెంటనే స్ఫురించేది ఫ్రాంజ్ ఫనాన్ పుస్తకం. ఆ తరువాత పాంటెకార్వో 1966లో తీసిన సినిమా. ఫిల్ము సొసైటీలలో ఆ సినిమా చూసి తెల్లవారేదాకా వాదించుకున్న తరాలు మనలో వున్నాయి. కాని ఆ విప్లవం ఏ కాగితంతో మొదలయిందో, ఆ కాగితం మీద ఏమి వ్రాసివున్నదో తెలిసినవారు అరుదు. 1954 నవంబరు 1న జాతీయ విమోచన ఫ్రంటు పేరుతో వెలువడిన ప్రకటన కొద్ది పేజీలకు మించదు. అరగంటలో చదివి ముగించవచ్చు. ఆ అరగంట చదువు మీద అల్జీరియా ప్రజలు డెబ్బయి ఏళ్ళుగా తగాదా పడుతూనే వున్నారు.

మనవాళ్ళలో కూడా ఆ ప్రకటన గురించి రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. అందులో భూమి ప్రసక్తి లేదు, కార్మికవర్గం పేరు లేదు, కాబట్టి అది వట్టి బూర్జువా జాతీయవాద పత్రమని కొందరు తీసిపారేస్తారు. వలస పాలనను కూల్చిన పత్రాన్ని తప్పుపట్టడమేమిటని మరికొందరు చేతులు జోడిస్తారు. ఈ రెండూ నాకు సమ్మతం కావు. ఆ పత్రంలో వున్న మాటలను, లేని మాటలను విడివిడిగా తూచి, తరువాతి చరిత్రలో దేనికి ఎంత ఖరీదు కట్టవలసివచ్చిందో చూడడం మేలని నా వుద్దేశం.

ముందు రంగస్థలం చూద్దాం. ఫ్రెంచి సైన్యం అల్జీర్స్‌లో దిగింది 1830లో. 1848 నాటికి అల్జీరియాను మూడు ఫ్రెంచి జిల్లాలుగా ప్రకటించారు. అంటే చట్టం దృష్టిలో అది వలస కాదు, ఫ్రాన్సు గడ్డలోనే ఒక భాగం. ఆ గడ్డ మీద 1954లో సుమారు పది లక్షలమంది యూరోపియనులు, ఎనభై లక్షలకు పైబడి ముస్లిములు వున్నారు. 1947లో ఫ్రాన్సు దయతలచి ఇచ్చిన శాసనం ప్రకారం అల్జీరియా సభలో 120 స్థానాలు. అందులో అరవై ఆ పది లక్షలకు, అరవై ఈ ఎనభై లక్షలకు. ఆ అరవయ్యింటికీ 1948లో జరిగిన ఎన్నికలలో అధికారులు బాహాటంగా పెట్టెలు మార్చారు. అంతకు మూడేళ్ళ ముందు, 1945 మే 8న, నాజీల ఓటమికి ఐరోపా పండుగ చేసుకుంటున్న రోజుననే, సెతిఫ్‌లో అల్జీరియా జెండా పట్టుకున్న వూరేగింపు మీద కాల్పులు జరిగాయి. ఆ కాల్పుల దరిమిలా చెలరేగిన హింసలో నూరుమంది వరకు యూరోపియనులు చనిపోగా, దానికి ప్రతీకారంగా సైన్యం, స్థానిక వలసదారుల ముఠాలు సెతిఫ్, గెల్మా, ఖెర్రాటా ప్రాంతాలలో వేలమందిని చంపాయి. ఫ్రెంచి అధికారులు వెయ్యి పైచిలుకు అన్నారు. అల్జీరియా ప్రభుత్వం 45 వేలు అంటుంది. నవంబరు ప్రకటన వ్రాసిన తరం రాజకీయ విద్య ఆ మే నెలలోనే పూర్తయిందనవచ్చు.

కాని ఆ తరానికి ఒక పార్టీ వున్నది, ఆ పార్టీ చీలిపోయివున్నది. మెస్సాలీ హాజ్ నాయకత్వాన 1926లో పారిస్ వలస కూలీల మధ్య పుట్టిన ఉద్యమం, పేర్లు మార్చుకుంటూ, నిషేధాలు దాటుకుంటూ వచ్చి, 1953-54లో నాయకుడి పక్షంగా, కేంద్రకమిటీ పక్షంగా రెండయింది. సాయుధ పోరాటానికి 1947లో నిర్మించిన రహస్య విభాగాన్ని 1950లో పోలీసులు ఛిన్నాభిన్నం చేశారు. దొరకకుండా మిగిలిన యువకులు ఈ రెండు పక్షాల కొట్లాటను చూసి విసిగిపోయారు. 1954 మే 7న దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచి సైన్యం వియత్నాం ప్రజల ముందు లొంగిపోయింది. జూన్‌లో అల్జీర్స్‌లోని ఒక ఇంట్లో ఇరవైరెండుమంది కూర్చుని ఇక ఆగరాదని నిర్ణయించారు. ఆ నిర్ణయాన్ని అమలుజరిపే బాధ్యత చివరకు ఆరుగురి మీద పడింది: బూదియాఫ్, బెన్ బూలాయిద్, బెన్ మ్‌హిది, దిదూష్, బిటాట్, క్రిమ్ బెల్కాసెం. నలభై నిండినవాడు ఆ ఆరుగురిలో ఒక్కడూ లేడు. విదేశాలలో వున్న బెన్ బెల్లా, ఐత్ అహ్మద్, ఖిదెర్‌లను కలుపుకుంటే తొమ్మండుగురు.

ప్రకటన ముసాయిదా ప్రధానంగా బూదియాఫ్, దిదూష్‌లది. దానికి భాష దిద్దిపెట్టినవాడు లైషావి అనే యువ పత్రికా రచయిత. కబీలియా కొండలలోని ఇగిల్ ఇమూలా గ్రామానికి అతణ్ణి రహస్యంగా తీసుకువెళ్ళి, అక్కడ స్టెన్సిల్ కొట్టించి, సైక్లోస్టైల్ యంత్రం మీద ప్రతులు తీశారు. యంత్రం చప్పుడు బయటికి పొక్కకుండా ఆ రాత్రి దుకాణంలో లాటరీ ఆట పెట్టి జనాన్ని పోగుచేశారని చెబుతారు. నిషేధపు రోజులలో కరపత్రాలు అచ్చువేసిన చరిత్ర వున్న మనవాళ్ళకు ఈ వుపాయం వింతగా తోచదు.

ఆ కాగితం ఫ్రెంచి భాషలో వున్నది. దాని అరబ్బీ పాఠాన్ని కైరో రేడియో వినిపించింది. అల్జీరియా ముస్లిములలో అత్యధికులకు ఏ భాషలోనూ చదువు రాదు. నూట ఇరవైనాలుగేళ్ళ నాగరీకరణ ఫలితం అది. విప్లవాన్ని ప్రకటించే మాట ముందు శత్రువు భాషలో కాగితం మీద పుట్టి, ఆ తరువాత పొరుగుదేశపు రేడియో గొంతుతో స్వదేశపు చెవులకు చేరవలసివచ్చింది. ఎవరి చేతికి ఏ పాఠం అందిందో, ఏ పదాన్ని ఎవరు ఎలా గ్రహించారో అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

ఇక పత్రంలో ఏమున్నది? లక్ష్యం జాతీయ స్వాతంత్ర్యం. దాన్ని రెండు మాటలుగా విడమరిచారు. ఇస్లామీయ సూత్రాల పరిధిలో సార్వభౌమ, ప్రజాస్వామిక, సాంఘిక అల్జీరియా రాజ్యాన్ని పునరుద్ధరించడం మొదటిది. జాతి, మత విచక్షణ లేకుండా ప్రాథమిక స్వేచ్ఛలన్నిటినీ గౌరవించడం రెండవది. స్థాపించడం అనకుండా పునరుద్ధరించడం అన్నారు, చూడండి. అల్జీరియా అనే జాతి ఎన్నడూ లేదు, మేము వచ్చాకే దానికి ఒక రూపం వచ్చింది అని వలస పండితులు ఒక శతాబ్దం పాటు బోధించారు. ఆ బోధన ఎంత లోతుకు దిగిందంటే, ఫెర్హాత్ అబ్బాస్ వంటి దేశీయ నాయకుడే 1936లో తాను శ్మశానాలలో వెదికినా అల్జీరియా జాతి కనపడలేదని వ్రాశాడు. పునరుద్ధరణ అన్న ఒక్క మాటతో ఆ వాదాన్ని కొట్టివేశారు. 1830కి పూర్వం ఇక్కడ రాజ్యం వున్నది, ఆ తరువాత కూడా అబ్దుల్ ఖాదర్ 1847 వరకు నిలబెట్టిన రాజ్యం వున్నది, దోచుకున్నదాన్ని తిరిగి ఇవ్వండి అని దాని భావం.

అయితే పాత రాజ్యాన్ని పునరుద్ధరించడం, ప్రజాస్వామిక రాజ్యాన్ని నిర్మించడం ఒకటేనా? అబ్దుల్ ఖాదర్ ఎంత గొప్పవాడయినా ఎన్నికైన ప్రభువు కాడు. ఇస్లామీయ, ప్రజాస్వామిక, సాంఘిక అనే మూడు విశేషణాలను ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చోబెట్టారే గాని, వాటి మధ్య పేచీ వస్తే ఎవరి మాట నెగ్గాలో చెప్పలేదు. ఆ నాటి పోరాటానికి అది చెప్పనవసరం లేదు కూడా. పల్లె రైతుకు ఇస్లాం అంటే తనను ఫ్రెంచివాడినుంచి వేరుచేసే గుర్తు, అవమానం మధ్య మిగిలిన ఆత్మగౌరవం. ఆ మాట తీసివేసివుంటే ప్రకటన కొండలలోకి వెళ్ళేది కాదని నా నమ్మకం.

ప్రకటనలో ఒక భాగం నిజానికి ఫ్రాన్సును ఉద్దేశించినది. ఇది చాలామంది మరచిపోతారు. తుపాకి పట్టిన క్షణాననే వారు సంధి షరతులు కూడా ముందు పెట్టారు. అల్జీరియా జాతీయతను గుర్తించాలి, అవిభాజ్యమైన సార్వభౌమత్వం ప్రాతిపదికగా సంప్రదింపులు జరపాలి, రాజకీయ ఖైదీలను విడిచిపెట్టాలి. అందుకు ప్రతిగా న్యాయంగా ఆర్జించిన ఫ్రెంచి ప్రయోజనాలను, వ్యక్తులను, కుటుంబాలను గౌరవిస్తారు. ఇక్కడ వుండిపోదలచిన ఫ్రెంచివారు విదేశీయులుగా వుండవచ్చు, లేదా అల్జీరియా పౌరులై సమాన హక్కులు, సమాన బాధ్యతలు పొందవచ్చు. ఇంతకన్న వుదారమైన షరతులు ఏ వలస రాజ్యానికి దొరుకుతాయి? ఆ నాటి ప్రధాని మాండెస్ ఫ్రాన్స్, హోంమంత్రి మితెరాఁ ఇచ్చిన జవాబు ఒకటే: అల్జీరియా అంటే ఫ్రాన్సే. ఏడున్నర సంవత్సరాలు, లక్షలాది ప్రాణాలు పోయిన తరువాత 1962 మార్చి 18న ఎవియన్‌లో ఫ్రాన్సు సంతకం పెట్టినది దాదాపు అవే ప్రాతిపదికల మీద. అక్కడ జరిగినదాన్ని యుద్ధం అని పిలవడానికి ఫ్రెంచి పార్లమెంటుకు 1999 దాకా నోరు రాలేదు. అంతవరకు అవి శాంతిభద్రతల చర్యలు.

విదేశాంగ లక్ష్యం విషయంలో కూడా ప్రకటన త్వరగానే ఫలించింది. సమస్యను అంతర్జాతీయం చేస్తామన్నారు. ఆరు మాసాలు తిరగకుండానే, 1955 ఏప్రిల్‌లో, ఐత్ అహ్మద్, యజీద్ బాండుంగ్ సభలో పరిశీలకులుగా కూర్చున్నారు. ఆసియా, ఆఫ్రికా దేశాలు అల్జీరియా స్వయంనిర్ణయ హక్కును సమర్థించాయి. ఆ సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక్క ఓటు తేడాతో సమస్యను చర్చకు తీసుకున్నది. ఫ్రెంచి ప్రతినిధులు లేచి వెళ్ళిపోయారు.

ఇప్పుడు పత్రంలో లేని మాటలకు వద్దాం.

తెలంగాణ రైతాంగ పోరాటం చదువుకున్న మన విద్యార్థి ఈ ప్రకటనలో మొదట వెదికేది భూమి మాట. నాతో కలిసి ఇది చదివిన ప్రతి విద్యార్థి బృందమూ ఆ ప్రశ్నే వేసింది. అల్జీరియాలో యూరోపియను వలసదారుల చేతిలో సుమారు 27 లక్షల హెక్టార్ల సాగుభూమి వున్నది. శ్రేష్ఠమైన నేలలన్నీ అందులోనే. ఆ భూమి పోయినవాళ్ళ కొడుకులే ఔరెస్ కొండలలో తుపాకులు పట్టారు. అయినా ప్రకటనలో భూసంస్కరణ అనే పదం లేదు. న్యాయంగా ఆర్జించిన ప్రయోజనాలు అన్నారే గాని, న్యాయమేదో అన్యాయమేదో విభజించలేదు. అన్ని సాంఘిక వర్గాల దేశభక్తులనూ చేర్చుకునే ఫ్రంటు కనుక, ఒక వర్గాన్ని భయపెట్టే మాట వారు వ్రాయదలచలేదు. విమర్శకులు దీన్నే పట్టుకుంటారు. వారి విమర్శలో నిజం వున్నది. కాని ఆ నిజాన్ని పట్టుకుని అక్కడే ఆగిపోతే అసలు చిక్కు కనపడదు.

అంతకన్న ఖరీదైన మౌనం మరొకటి వున్నది. ఈ ఫ్రంటులో నిర్ణయాలు ఎవరు చేస్తారు? నాయకులను ఎవరు ఎన్నుకుంటారు, ఎవరు దించుతారు? తప్పు జరిగితే ఏ సభ ముందు జవాబు చెప్పాలి? ప్రకటన దీని గురించి ఒక్క వాక్యం కూడా చెప్పదు. కింద వ్యక్తుల సంతకాలు కూడా లేవు. రహస్యోద్యమంలో అది సహజమే, ఆ పేర్లు వేస్తే తెల్లవారేసరికి జైలు. పైగా ఒక మహానాయకుడి వ్యక్తిపూజతో విసిగిపోయిన యువకులు కావాలనే పేర్లను వెనక్కి నెట్టారు, అది మెచ్చదగినదే. కాని వ్యక్తిపూజకు విరుగుడు పేర్లు దాచడం కాదు, జవాబుదారీ ఏర్పాట్లు చేయడం. ఆ పని వారు వాయిదా వేశారు. ఇతర పార్టీలు తమను తాము రద్దు చేసుకుని సభ్యులు వ్యక్తులుగా వచ్చి చేరాలన్న నియమం దీనికి తోడయింది. అలా చేరినవాడికి ఫ్రంటు లోపల తన అభిప్రాయం చెప్పుకోవడానికి చోటు ఏది?

ఈ లోటును మొదట గుర్తించినవాడు అబానె రమ్దానె. 1956 ఆగస్టు 20న సూమ్మామ్ లోయలో ఆయన, బెన్ మ్‌హిది పూనుకుని జరిపిన మహాసభ ఫ్రంటుకు మొదటిసారిగా ఒక నిర్మాణం ఇచ్చింది. సైన్యం మీద రాజకీయ నాయకత్వానికి, విదేశాలలో వున్నవారి మీద దేశం లోపల పోరాడుతున్నవారికి ఆధిక్యం అని తీర్మానించింది. రాబోయేది ప్రజాస్వామిక, సాంఘిక రిపబ్లిక్ అనీ, కాలం చెల్లిన రాజరికమో మతరాజ్యమో కాదనీ స్పష్టం చేసింది. బయట వున్న బెన్ బెల్లా దీనికి అభ్యంతరం చెప్పాడు. ఆ సభ అందరికీ ప్రాతినిధ్యం ఇవ్వలేదనీ, నవంబరు ప్రకటనలోని ఇస్లామీయ స్వభావం ఇందులో లోపించిందనీ ఆయన ఫిర్యాదు. అందులో మొదటిదాన్ని తోసివేయలేము. ఏది ఏమైనా ఏడాది తిరిగేసరికి, 1957 ఆగస్టులో కైరోలో సమావేశమైన జాతీయ మండలి ఆ రెండు ఆధిక్యతలనూ రద్దు చేసింది. ఆ డిసెంబరులో అబానెను మొరాకోకు రప్పించి సొంత సహచరులే గొంతు నులిమి చంపారు. ఆయన తీర్చిదిద్దిన ఎల్ ముజాహిద్ పత్రిక 1958 మేలో ఆయన రణరంగంలో వీరమరణం పొందాడని ప్రకటించింది. ఆ అబద్ధం వ్రాసినవారికి కూడా నవంబరు ప్రకటన మీద గౌరవం లేకపోలేదు. వారిని అడగగలిగిన సభ మాత్రం ఎక్కడా లేదు.

ఫ్రంటుకు వెలుపల వున్న అల్జీరియనుల సంగతి ఇంకా కఠినం. మెస్సాలీ తన సొంత సంస్థ పెట్టుకున్నాడు. ఫ్రాన్సులోని కార్మిక వాడలలో ఈ రెండు పక్షాలు ఒకరినొకరు వేలలో చంపుకున్నారు. 1957 మేలో మెలూజా ప్రాంతంలో మెస్సాలీ అనుకూల గ్రామం మీద పడి మూడువందలమంది దాకా పురుషులను ఫ్రంటు దళాలు హతమార్చాయి. దీన్ని ఫ్రెంచి ప్రచారశాఖ బాగా వాడుకున్నది నిజమే. అది వాడుకున్నంత మాత్రాన జరిగినది జరగకపోలేదు.

కమ్యూనిస్టుల విషయం మన పాఠకులకు ప్రత్యేకంగా తెలియాలి. అల్జీరియా కమ్యూనిస్టు పార్టీని ఫ్రెంచి ప్రభుత్వం 1955 సెప్టెంబరులో నిషేధించింది. తన రద్దుకు అంగీకరించని ఆ పార్టీ, 1956 జూలైలో సంప్రదింపులు జరిపి తన సాయుధ దళాలవారిని మాత్రం వ్యక్తులుగా విమోచన సైన్యంలో చేర్చింది. అల్జీర్స్ గ్యాసు కర్మాగారంలో లేతు పనిచేసే ఫెర్నాఁ ఇవెటాన్ ఆ పార్టీ సభ్యుడు, యూరోపియను సంతతివాడు. పనిస్థలంలో అతడు పెట్టిన బాంబు పేలలేదు, ఒక్కరికీ గాయం తగలలేదు. అయినా 1957 ఫిబ్రవరి 11న అతణ్ణి గిలటిన్ కింద పడుకోబెట్టారు. అప్పుడు న్యాయశాఖ మంత్రి అదే మితెరాఁ. స్వాతంత్ర్యం వచ్చి అయిదు నెలలు కాకుండానే, 1962 నవంబరులో, స్వతంత్ర అల్జీరియా ప్రభుత్వం ఆ పార్టీని మళ్ళీ నిషేధించింది.

1962 జూన్‌లో ట్రిపోలీలో కూర్చున్నప్పుడు నాయకులు ఒక కొత్త కార్యక్రమాన్ని ఆమోదించారు. హర్బీ, లషరఫ్ వంటి వామపక్ష మేధావులు ముసాయిదా వ్రాసినందువల్ల అందులో ప్రజాతంత్ర విప్లవం వుంది, భూసంస్కరణ వుంది, ఫ్రంటులోని భావదారిద్ర్యం మీద, భూస్వామ్య ధోరణి మీద నిర్మొహమాటమైన ఆత్మవిమర్శ కూడా వుంది. వాక్యంగా చూస్తే నవంబరు ప్రకటనకన్న ఎన్నో రెట్లు పురోగామి. కాని నాయకత్వం ఎవరిదన్న ప్రశ్న దగ్గర అదే సభ రసాభాస అయి, ఎవరి దారిన వారు పోయారు. జూలై 5న స్వాతంత్ర్యం. వేసవంతా దళానికీ దళానికీ తుపాకి పోరు. ఏడేళ్ళు చాలవా అని జనం వీధులలోకి వచ్చి అరిచారు. చివరకు సరిహద్దుల వెలుపల ట్యునీషియా, మొరాకోలలో నిక్షేపంగా వున్న బూమెదియెన్ సైన్యం ట్యాంకులతో అల్జీర్స్ చేరి, బెన్ బెల్లాను గద్దె ఎక్కించింది. మూడేళ్ళ తరువాత, 1965 జూన్ 19న, అదే సైన్యం అతణ్ణి దించింది.

భూమి గురించి పత్రం మౌనం వహించినా భూమి ఆగలేదన్నది నేను చెప్పదలచిన ముఖ్యమైన విషయం. 1962లో యజమానులు పారిపోయిన ఎస్టేట్లలో కూలీలు ఎవరి ఆదేశమూ లేకుండా కోతలు కోశారు, దుక్కులు దున్నారు, కమిటీలు వేసుకున్నారు. 1963 మార్చి శాసనాలు ఆ స్వయంనిర్వహణకు చట్టరూపం ఇచ్చాయి. ప్రపంచమంతటా వామపక్షీయులు దాన్ని చూడడానికి వచ్చారు. కాని ఆ కమిటీల పక్కనే ప్రభుత్వం ఒక డైరెక్టరును నియమించింది. విత్తనం, పరపతి, అమ్మకం అతని చేతిలో. 1965 తరువాత కమిటీలు పేరుకు మిగిలాయి. 1971లో బూమెదియెన్ వ్యవసాయ విప్లవం ప్రకటించాడు, చమురును జాతీయం చేశాడు. ఈ రెండవది చిన్న పని కాదు; ప్రకటనలోని సార్వభౌమత్వం అనే మాటకు ఆర్థికార్థం వచ్చింది ఆనాడే. అయితే అవి పైనుంచి వచ్చిన కానుకలు, ఇచ్చిన చేయి వెనక్కు తీసుకోగలదు. భూమి కావాలని వ్రాయకపోయినా కూలీలు భూమి తీసుకోగలిగారు. తీసుకున్నదాన్ని నిలబెట్టుకునే అధికారం ఎక్కడా వ్రాసిలేదు, దాన్ని వారు సంపాదించుకోలేకపోయారు. ఆ కుట్రను ఎదిరించిన వామపక్షీయులలో కవి, కమ్యూనిస్టు నాయకుడు బషీర్ హాజ్ అలీ వున్నాడు. 1957లో ఫ్రెంచి పారాట్రూపర్లు హెన్రీ అలెగ్‌ను పెట్టిన చిత్రహింస వంటిదే 1965లో స్వతంత్ర అల్జీరియా పోలీసులు ఆయనకు పెట్టారు.

జాతి, మత విచక్షణ లేని స్వేచ్ఛ అన్న హామీ ఏమయింది? 1962 ముగిసేలోగా యూరోపియనులలో అత్యధికులు ఓడలెక్కి వెళ్ళిపోయారు. అందుకు మొదటి బాధ్యత రహస్య సైన్యం పేరుతో ఆ చివరి నెలలలో బాంబులు పేల్చి, గ్రంథాలయాన్ని తగులబెట్టిన వలస దురహంకారులదే. కాని 1963 మార్చిలో చేసిన జాతీయతా చట్టం పుట్టుకతో అల్జీరియనులంటే ముస్లిం వ్యక్తిగత చట్టం కింద వున్న పితరుల సంతానమే అని నిర్వచించింది. తక్కినవారు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇవెటాన్ బతికివుంటే అతడు కూడా.

స్త్రీల పేరు ప్రకటనలో లేనే లేదు. యుద్ధంలో పాల్గొన్నట్టు అధికారికంగా నమోదయిన స్త్రీలు పదకొండు వేలకు దగ్గర. 1984లో, ఒకనాటి వీరనారీమణులు వీధికెక్కి వ్యతిరేకించినప్పటికీ, కుటుంబ చట్టం వచ్చింది. వయసువచ్చిన స్త్రీ పెళ్ళికి మగ సంరక్షకుడు కావాలన్నది, బహుభార్యాత్వాన్ని అనుమతించింది. చట్టం తెచ్చినవారు నవంబరు ప్రకటనలోని ఇస్లామీయ సూత్రాలను చూపారు. వీధికెక్కినవారు అదే ప్రకటనలోని ప్రాథమిక స్వేచ్ఛలను చూపారు. 1991 డిసెంబరులో మొదటి విడతలోనే 188 స్థానాలు గెలిచిన ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంటు కూడా ఆ మొదటి వాక్యానికి తామే వారసులమన్నది; దాని నాయకుడు అబ్బాసీ మదనీ విమోచన యుద్ధకాలంలో ఫ్రెంచి జైలులో గడిపినవాడే. ఆ ఎన్నికలను రద్దుచేసిన సైనికాధికారులు సైతం నవంబరు పేరే తలచుకున్నారు. తరువాతి పదేళ్ళలో లక్షకు పైగా జనం చచ్చారు.

తొమ్మండుగురి సంగతి చెప్పి ఈ లెక్క ముగిస్తాను. దిదూష్ 1955 జనవరిలో, బెన్ బూలాయిద్ 1956 మార్చిలో యుద్ధంలో మరణించారు. బెన్ మ్‌హిదిని 1957 మార్చిలో నిర్బంధంలో చంపి వురి వేసుకున్నాడని బొంకారు. చంపింది తమ సైనికులేనని ఫ్రాన్సు అధ్యక్షుడు ఒప్పుకున్నది 2024 నవంబరు 1న. ఖిదెర్‌ను 1967లో మాడ్రిడ్‌లో కాల్చారు. ఎవియన్ ఒప్పందం మీద సంతకం చేసిన క్రిమ్ బెల్కాసెం 1970లో ఫ్రాంక్‌ఫర్టు హోటలు గదిలో శవమై కనిపించాడు. బెన్ బెల్లా పదిహేనేళ్ళు నిర్బంధంలో, ఐత్ అహ్మద్ జీవితంలో అధికభాగం ప్రవాసంలో గడిపారు. ప్రకటన వ్రాసిన బూదియాఫ్ 1992 జనవరిలో ఇరవై ఏడేళ్ళకు పైబడిన ప్రవాసంనుంచి దేశాధినేతగా తిరిగివచ్చినపుడు, ఆయన ఎవరో యువతరంలో చాలామందికి తెలియదు. ఆ జూన్ 29న అన్నాబాలో ప్రసంగిస్తూండగా సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. బిటాట్ ఒక్కడే పదవులలో వుండి, పెద్దవయసులో సహజంగా పోయాడు.

2019 ఫిబ్రవరి 22నుంచి ప్రతి శుక్రవారం లక్షలాది జనం వీధులలోకి వచ్చి, ఏప్రిల్ 2న బూతెఫ్లికాతో రాజీనామా చేయించారు. పౌర రాజ్యం కావాలి, సైనిక రాజ్యం వద్దు అన్నారు. అబానె పటాలు పట్టుకు తిరిగారు. ఆ ఏడు నవంబరు 1 శుక్రవారమే వచ్చింది. అల్జీర్స్ వీధులు పట్టలేదు. వారిని సమర్థించిన విమోచన సైన్యపు పాత కమాండరు లఖ్దర్ బూరెగాను, ఎనభై దాటిన వృద్ధుణ్ణి, సైన్యం నైతికస్థైర్యాన్ని దెబ్బతీశాడన్న ఆరోపణ మీద ఆ జూన్‌లో జైలులో పెట్టారు. ఆయన యుద్ధచరిత్రే బూటకమని ప్రభుత్వ టెలివిజన్ ప్రచారం చేసింది. 2020 జనవరిలో విడిచిపెట్టారు. ఆ సంవత్సరం నవంబరు 1నే ముహూర్తంగా పెట్టుకుని ప్రభుత్వం కొత్త రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. దాని పీఠికలో 1954 ప్రకటన పేరును ఎక్కించింది. ఓటు వేసినవారు నూటికి 24 మంది కూడా లేరు. మూడు రోజుల తరువాత బూరెగా కోవిడ్‌తో మరణించాడు.